పెళ్లి చేస్తే ఈ కోపం తగ్గుతుందా డాక్టర్?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. బీటెక్ అయ్యాక రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మానేశాడు. చిన్న మాటకే ఊగిపోతాడు, ఫోను నేలకేసి కొడతాడు (ఇప్పటికి నాలుగు కొన్నాం), అరగంట తిరక్కుండా పక్కన కూర్చుని ‘నన్ను వదిలేయకమ్మా’ అని ఏడుస్తాడు. మొన్న ఒక అమ్మాయి మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదని చెయ్యి కోసుకున్నాడు. ఒక డాక్టరు గారు బైపోలార్ అని మాత్రలిచ్చారు, ఇంకొకరు పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు. మా వాళ్లేమో పొగరు, పెళ్లి చేస్తే కుదురుకుంటాడు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు పెళ్లి సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు వద్దు. కన్నవాళ్లే తట్టుకోలేకపోతున్నదాన్ని ముక్కూ మొహం తెలియని పిల్ల నెత్తిన పెట్టడం వైద్యం కాదు. పైగా ఈ జబ్బు ఎక్కువగా బయటపడేదే దగ్గరి బంధాల్లో.

చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి రెండో డాక్టరు గారు అన్న పర్సనాలిటీ డిజార్డర్ (ఉద్వేగాలు, బంధాల తీరులోనే ఏళ్ల తరబడి ఉండే ఇబ్బంది) వైపే మొగ్గుతున్నాను. బైపోలార్‌లో మూడ్ ఒకసారి ఎక్కితే రోజులు, వారాలు అలాగే ఉంటుంది, నిద్ర లేకపోయినా హుషారు తగ్గదు, కారణం ఉండాలన్న నియమం కూడా లేదు. మీ అబ్బాయిది గంటల లెక్క. ఒక మెసేజ్, ఒక మాట, ఎవరో దూరమైపోతున్నారన్న అనుమానం చాలు. మన పాలు పొంగడానికి పెద్ద మంట కావాలి, స్టవ్ ఆపగానే దిగుతాయి. వీళ్లవి సన్నసెగకే పొంగుతాయి, ఆపాక కూడా చాలాసేపు దిగవు. దాన్ని పొగరు అనడం తేలిక, కానీ పొగరున్నవాడు అరగంటకే వచ్చి వదిలేయొద్దని ఏడవడు కదా.

పేర్ల గందరగోళం కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక్కో ఫైల్లో ఒక్కో పేరు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకు పేర్లు పెట్టే పుస్తకం ఐసీడీ. పాత ఐసీడీ-10లో దీన్ని ‘ఎమోషనల్లీ అన్‌స్టేబుల్’ (ఉద్వేగాలకు నిలకడ లేనిది) అని, అందులో ఇంపల్సివ్, బోర్డర్‌లైన్ అని రెండు రకాలు చేశారు. మొదటి దాంట్లో ముందూవెనకా చూడని దుడుకుతనం ఎక్కువ. రెండో దాంట్లో దానికి తోడు వదిలేస్తారన్న భయం, లోపల ఖాళీగా అనిపించడం, తననుతాను గాయపరచుకోవడం. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 ఆ రెండు గదులూ తీసేసి తీవ్రత ఎంత అన్నది చూస్తోంది, ‘బోర్డర్‌లైన్ ప్యాటర్న్’ అన్న మాట మాత్రం ఉంచింది. మగపిల్లల్లో దీన్ని తరచుగా పోల్చుకోలేం. తాగుడు, గొడవలు, బైకు మీద పిచ్చి స్పీడు కింద కొట్టుకుపోతుంది.

నా పెంపకంలో తప్పా అని మీరు లోలోపల అనుకుంటూనే ఉంటారు. కొంత పుట్టుకతో వచ్చే స్వభావం, కొంత చిన్నప్పటి అనుభవాలు, రెండూ కలిసి అవుతుంది. ఒక్కరి మీద వేసేది కాదు.

దీనికి అసలు మందు మాటల చికిత్స. అందులో బాగా పరీక్షకు నిలిచింది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ), దాన్ని తయారుచేసిన అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహన్ తానూ యవ్వనంలో ఇలాంటి బాధలోనే ఆసుపత్రిలో గడిపానని 2011లో బయటపెట్టారు. వారం వారం వెళ్లి, ఉద్వేగం తన్నుకొచ్చినప్పుడు చెయ్యి లేపకముందు ఏం చేయాలో నేర్చుకోవాలి, అదీ నెలల తరబడి. ఈ జబ్బుకే పనిచేసే మాత్ర అంటూ లేదు. డిప్రెషన్, నిద్రలేమి తోడైతే వాటికి ఇస్తాం. కానీ మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రాజొలామ్ లాంటి మత్తు మాత్రలు వేయకండి, కొందరిలో ఉన్న కాస్త అదుపూ పోతుంది. ఏళ్ల తరబడి గమనిస్తే చాలామందిలో లక్షణాలు బాగా తగ్గుతాయి. ఉద్యోగం, బంధాలు గాడిన పడటానికి ఇంకాస్త టైం పడుతుంది.

ఇక ఇంట్లో. అరుస్తున్నప్పుడు న్యాయం చెప్పకండి, ఎక్కదు. ‘బాగా బాధలో ఉన్నావని తెలుస్తోందిరా, చల్లబడ్డాక మాట్లాడదాం’ చాలు. మీ మీద చెయ్యి చేసుకునేలా ఉంటే గది బయటికి వచ్చేయండి. ఐదో ఫోను మాత్రం మర్నాడే కొనకండి. ప్రేమ చూపించడం వేరు, పగిలినదానికల్లా మీరే డబ్బు కట్టడం వేరు, ఈ రెండూ కలిపేసే ఇళ్లే నా ఓపీలో ఎక్కువ.

చెయ్యి కోసుకోవడాన్ని నాటకం అనకండి, ఆ మాట వాళ్లను ఇంకా లోపలికి తోస్తుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో మాత్రలు, పురుగుమందు ఉంటే తాళం వేయండి. రాత్రి అయినా సరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఫోన్లు కాదు, నేరుగా క్యాజువాలిటీకి.

ఈ వారమే సైకియాట్రిస్టుకి చూపించండి. మీకు దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో, లేదంటే విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంటుంది. ఈలోపు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి: గొడవ ఎప్పుడైంది, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపటికి చల్లబడ్డాడు, ఆ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, తాగాడా, గంజాయి ఉందా. బైపోలారా కాదా తేల్చడానికి ఏ స్కాన్ కన్నా ఆ రెండు పేజీలే ఎక్కువ పనికొస్తాయి. మొదటి డాక్టరు గారిచ్చిన మాత్రలను ఇది చదివి ఆపేయకండి. ఆపాలో, మార్చాలో ఆ పేజీలు చూశాక సైకియాట్రిస్టే చెబుతారు.