పేపరు మీద నిలువు నామం పడితే తప్పు తూటాదా, మనదా?

అడిగిన ప్రశ్న: “దూరం కాల్చేటప్పుడు బుల్లెట్ ప్రతిసారీ ఒకే వేగంతో బయటికి రావడం నిజంగా అంత ముఖ్యమా? నాకు 5 రౌండ్లకి సెకనుకి 12 మీటర్ల తేడా వస్తోంది. తూటాలు మార్చాలా?”

రైఫిల్ ఏదో చెప్పలేదు, ఎంత దూరమో చెప్పలేదు. డాక్టరు ముందు కూర్చుని “నొప్పిగా ఉందండీ” అని ఊరుకున్నట్టుంది. ఆ 12 మీటర్ల తేడా త్రీ నాట్ ఎయిట్ (.308) అనే పెద్ద తూటా రైఫిల్‌తో 100 మీటర్ల దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు చేస్తుంది, హాయిగా నిద్రపోవచ్చు. అదే చిన్న తూటా పాయింట్ టూటూ (.22)తో 50 మీటర్ల దగ్గరైతే 9 మిల్లీమీటర్లు. ఆ టార్గెట్‌లో నడిమధ్య ఉండే పది రింగు వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. ఇక నిద్ర సంగతి మీరే చూసుకోండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. లాంగ్ రేంజ్ అంటే మీటర్లు లెక్కపెడతారు. నేను మాత్రం బుల్లెట్ గాలిలో ఎంతసేపు ఉందో దాన్నే దూరం అంటాను. గొట్టం వదిలినప్పటి నుంచి అది కిందికి దిగుతూనే ఉంటుంది. సమయం రెట్టింపైతే దిగడం నాలుగింతలు అవుతుంది. పాయింట్ టూటూ బుల్లెట్ సెకనుకి సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరి, 50 మీటర్లు వెళ్ళడానికి 0.16 సెకను తీసుకుంటుంది. ఆ కాస్తలోనే పన్నెండున్నర సెంటీమీటర్లు దిగుతుంది. వేగం ఒక శాతం తగ్గితే ఇంకో రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. 300 మీటర్ల బిగ్ బోర్ (పెద్ద తూటా రైఫిళ్ళ పోటీ)లో అదే ఒక శాతానికి ఒకటిన్నర సెంటీమీటర్లు పోతాయి, కానీ అక్కడ పది రింగు 10 సెంటీమీటర్లు. రింగుతో పోల్చి చూస్తే దెబ్బ ఎక్కువ తగిలేది 50 మీటర్ల వాళ్ళకే! 1000 గజాలకి వెళ్తే కథ వేరు. త్రీ నాట్ ఎయిట్ బుల్లెట్ అక్కడికి చేరేసరికి సెకనున్నర దాటిపోతుంది, ఒక శాతానికి 20 సెంటీమీటర్ల పైమాటే.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసింది కాదు. నెల్లూరు నుంచి చెన్నై వచ్చి పదకొండేళ్ళు, అందులో ఏడేళ్ళుగా ఆదివారాలు 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చేది) కాలుస్తున్నాను. (రైఫిల్ క్లబ్బు ఆర్మరీలోనే ఉంటుంది. అయినా ఆ సంగతి తెలిసిన ఇంటి ఓనరు రెండు నెలలు అద్దె అడగడానికి మొహమాటపడ్డాడు. లాభం ఏదైనా ఉందంటే అదొక్కటే.) మా రేంజికి ఆవడి నుంచి ఒక రిటైర్డ్ సుబేదారు గారు వస్తారు. మాది గుంటూరు పక్క అంటారు, తిట్టేది మాత్రం హిందీలో.

మూడేళ్ళ కిందట మే నెల కత్తిరి ఎండల్లో కొత్త తూటాల డబ్బాలు కొన్నాను. బ్రాండు పాతదే, లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) కొత్తది. మొదటి ఆదివారమే పేపరు మీద రంధ్రాలన్నీ నిలువుగా, ఒకదాని కింద ఒకటి. అడ్డంగా చూస్తే మాత్రం దగ్గరదగ్గరగా, అందరూ మెచ్చుకునే గ్రూపు. సుబేదారు గారు వచ్చి చూసి, “ఏరా అబ్బాయ్, టార్గెట్‌కి నామం పెట్టావు. అడ్డంగా విభూతి పట్టీలా పడితే గాలి, లేదా ట్రిగ్గర్. ఇలా నిలువుగా పడితే తూటా, లేదా నీ ఊపిరి. ఏదో తేల్చుకో” అన్నారు.

తూటాదే అని నేను అప్పటికే తేల్చేసుకున్నాను. డబ్బు పెట్టి కొన్నవాడికి ఆ మాత్రం హక్కు ఉండదా? ఒక స్నేహితుడి దగ్గర క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే యంత్రం) తెచ్చాను. పాతకాలంది, బుల్లెట్ నీడ పడితే లెక్క కట్టే రకం. పైన రేంజి ట్యూబ్‌లైట్లు మిణుకుమంటుంటే దానికి పిచ్చెక్కింది. ఒక రౌండుకి 612 అని చూపించింది. పాయింట్ టూటూ ఆ వేగంతో వెళ్తే నేను ఈపాటికి పేటెంటు తీసుకుని ఉండేవాణ్ణి. లైట్లు ఆర్పించేసరికి అరగంట, ఎవరి అనుమతి కావాలో తెలుసుకునేసరికి ఇంకో అరగంట.

అప్పుడు సుబేదారు గారు చెప్పిన పద్ధతే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఇరవై రౌండ్లు. ఒక్కో రౌండుకి ఒక్కో టార్గెట్. ప్రతి రంధ్రం పక్కన పెన్సిల్‌తో దాని వేగం రాయాలి. నెమ్మదిగా వచ్చినవే కింద పడుతుంటే తప్పు తూటాది. వేగానికీ రంధ్రానికీ పొంతన లేకపోతే అద్దంలో చూసుకో అన్నారు.

ఇరవైలో ఎక్కువా తక్కువా మధ్య తేడా 14 మీటర్లు వచ్చింది. నెమ్మదిగా వచ్చినవి చాలావరకు కిందే పడ్డాయి. గెలిచాననుకున్నాను. కానీ అన్నిటికంటే కిందపడ్డ రెండు రంధ్రాల పక్కన రాసిన అంకెలు 331, 332. అంటే బాగా వేగంగా వెళ్ళినవి! ఆ రెండూ నావే, ఊపిరి పూర్తిగా వదలకుండా ట్రిగ్గర్ నొక్కినవి. సుబేదారు గారు ఏమీ అనలేదు. ఆ రెంటి చుట్టూ సున్నాలు చుట్టి వెళ్ళిపోయారు.

పాత లాట్‌లో మిగిలిన ఇరవై కాలిస్తే తేడా 6 మీటర్లే. తేడా లాట్‌దే అని తేల్చడానికి నాకు ఆ నలభై రౌండ్లు చాలు. అదే బ్రాండు, అదే ధర, అదే డబ్బా రంగు, లాట్ నంబరు ఒక్కటే వేరు. పాయింట్ టూటూ తూటాలో పేలుడు మందు గ్రాములో పదో వంతుకి అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని అంటించే ప్రైమర్ మందు వేరే ముక్కగా ఉండదు, అంచు లోపలే పూసి ఉంటుంది. అక్కడ ఇసుక రేణువంత తేడా వస్తే వేగం మారిపోతుంది. పైగా ఇంట్లో విప్పి సరిచేసుకునే వస్తువు కాదు. యూరప్‌లో ఈలీ, లాపువా లాంటి కంపెనీలు తమ టెస్ట్ రేంజిలో మన రైఫిల్ బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి, దానికి నప్పింది ఎంచుకోనిస్తాయి. ఇక్కడ మనలాంటి ఆదివారం షూటర్లకి దొరికిందే లాట్. కొన్నాక జాతకం చూసుకోవాలి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. డబ్బా సగం నీడలో సగం ఎండలో పెట్టి కాలుస్తుంటారు. వేడెక్కిన మందు ఒత్తిడి పెంచుతుంది, వేగమూ పెరుగుతుంది. చెన్నై మే నెలలో డబ్బా మీద తడి తువ్వాలు కప్పేవాళ్ళని చూశాను, అదీ తప్పే. నీడలో పెట్టి వదిలేస్తే చాలు.

ఇక మీ 5 రౌండ్ల లెక్క. వాట్సాప్ గ్రూపుల్లో జనం ఐదు కాల్చి, “తేడా 4 మాత్రమే” అని స్క్రీన్ ఫోటో పెడతారు. చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎక్కువా తక్కువా మధ్య తేడా రౌండ్లు పెరిగే కొద్దీ పెరుగుతుంది, ఎప్పుడూ తగ్గదు. మీకు ఐదింటికే 12 వచ్చిందంటే ఇరవైకి సుమారు 19 రావచ్చు. చూస్తే స్టాండర్డ్ డీవియేషన్ (వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే లెక్క) చూడండి, అదీ కనీసం ఇరవై కాల్చాక. ఈ కొత్త ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చాక పేపరు పట్టుకుని రంధ్రం ముఖం చూసేవాడే లేడు. స్క్రీన్ మీద స్కోరు చూసి తూటాని తిట్టడమే.

కాబట్టి మారుస్తారో లేదో మీ ఇష్టం, ముందు ఇరవై పేపర్లు, ఒక పెన్సిల్ తీసుకెళ్ళండి. నా దగ్గర ఆ చెడ్డ లాట్ డబ్బాలు ఇంకా మూడు ఉన్నాయి. స్టాండింగ్ ప్రాక్టీసుకి వాడుతున్నాను. నిలబడితే నా ఊగులాట ముందు ఆ 14 మీటర్ల తేడా ఎక్కడా కనపడదు.