జర్మనీ చదువు: 2.4 అంటే తక్కువ మార్కా?

ప్రశ్న: మా అబ్బాయికి బీటెక్‌లో 7.6 సీజీపీఏ వచ్చింది. జర్మనీ ఎమ్మెస్‌కి అది 2.2 కింద లెక్కని ఒక కన్సల్టెన్సీ వాళ్లన్నారు. ఇంకో చోట 2.4 అన్నారు. పదికి 7.6 వచ్చిన పిల్లాడికి రెండు చిల్లరేమిటి? ఏది నమ్మాలి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కడి గ్రేడు మన ఈఏపీసెట్ ర్యాంకు లాంటిదమ్మా, అంకె చిన్నదయ్యేకొద్దీ గొప్ప. 1.0 అన్నిటికన్నా పైన. 4.0 పాస్ గీత. 5.0 ఫెయిల్. కాబట్టి 2.2 అయినా 2.4 అయినా మంచి గ్రేడే.

తేడా ఎక్కడొచ్చిందో చూడండి. మన మార్కుల్ని వాళ్ల గ్రేడులోకి మార్చడానికి ఎక్కువగా వాడేది మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములా. గరిష్ఠ పాయింట్లలోంచి మీ పాయింట్లు తీసేయాలి: 10 లోంచి 7.6 పోతే 2.4. దాన్ని గరిష్ఠానికీ పాస్ పాయింటుకూ మధ్య ఉన్న దూరంతో భాగించాలి. వచ్చినదాన్ని 3తో గుణించి 1 కలపాలి. పాస్ పాయింటు 5 అయితే దూరం 5, గ్రేడు 2.44. పాస్ పాయింటు 4 అనుకుంటే దూరం 6, గ్రేడు 2.2. ఒక్క అంకె మార్చితే పిల్లాడు అమాంతం మెరుగైపోయాడు!

అందుకే ఫార్ములా కన్నా ముందు కన్సాలిడేటెడ్ మెమో వెనక ముద్రించిన గ్రేడుల పట్టిక చదవండి. పాసైన గ్రేడుల్లో అడుగున ఉన్నదానికి ఎన్ని పాయింట్లో అదే మీ పాస్ పాయింటు. అది 5 అయితే 2.4 అన్నవాళ్లదే సరైన లెక్క. పట్టిక లేకపోతే యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచి నుంచి సంతకం, ముద్రతో లెటర్ తెచ్చుకోండి. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. పాస్ పాయింటు 5 అయినవాళ్లకు అది సరిగ్గా 7.5 సీజీపీఏ. మీవాడు గీతకు ఇవతలే ఉన్నాడు, కానీ అంచున. అప్లికేషన్‌లో మనం ఎంత రాసుకున్నా యూనివర్సిటీ మళ్లీ లెక్క కడుతుంది కాబట్టి 2.2 చూసి కోర్సులు ఎంచుకోవద్దు.

ప్రశ్న: నా బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. కోర్సు పేజీలో 180 ఈసీటీఎస్ కావాలని ఉంది. నాకు అర్హత లేనట్టేనా?
– ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: ఈసీటీఎస్ అంటే యూరప్ యూనివర్సిటీల క్రెడిట్. అది వేరు, మన క్రెడిట్ వేరు. ఒక ఈసీటీఎస్ అంటే క్లాసు, ఇంట్లో చదువు, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. ఏడాదికి 60 చొప్పున లెక్కేస్తారు. నాలుగేళ్ల డిగ్రీ సుమారు 240 కింద వస్తుంది, అంటే మీ ఒక క్రెడిట్ ఒకటిన్నర. 4 క్రెడిట్ల మ్యాథ్స్ పేపరు 6 ఈసీటీఎస్.

మొత్తంలో మీకు ఇబ్బంది లేదు. అప్లికేషన్లు ఎక్కువగా పోయేది సబ్జెక్టుల దగ్గర. మ్యాథ్స్‌లో ఇన్ని, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని అని విడివిడిగా అడుగుతారు. మ్యాథ్స్-3 పేపరుకు ‘ఎం-3’ అని రాస్తే అక్కడి వాళ్లకు ఏం అర్థమవుతుంది? ఒక్కో పేపరులోని యూనిట్లు, గంటలు, క్రెడిట్లు ఉన్న సిలబస్ కాపీని మీ రెగ్యులేషన్‌దే (మీ బ్యాచికి వర్తించేదే) తీసి జతచేయండి. సీనియర్ దగ్గర తెచ్చుకున్నది వేరే రెగ్యులేషన్‌ది కావచ్చు, మెమోలోని పేపర్ల పేర్లతో కలవదు. మీ సర్టిఫికెట్లను పరిశీలించి జర్మనీ తరఫున ఏపీఎస్ అనే సంస్థ ఇచ్చే పత్రం లేకుండా స్టూడెంట్ వీసాకు దారిలేదు. దానికి వారాలు పడుతుంది, ముందే పెట్టుకోండి.

ప్రశ్న: అడ్మిషన్ వచ్చింది. అక్కడ సప్లీలు ఎన్నిసార్లైనా రాసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, మంగళగిరి

జవాబు: రాసుకోలేరు. ఎక్కువ చోట్ల ఒక పేపరుకు మొత్తం మూడు అవకాశాలు. తప్పనిసరి పేపరులో మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు. అదే కోర్సులో ఇంకో జర్మన్ యూనివర్సిటీ కూడా చేర్చుకోదు. వీసా చదువు మీదే ఆధారపడింది కాబట్టి దెబ్బ అంతటితో ఆగదు.

మనవాళ్లు తడబడేది ఇంకో చోట. లెక్చర్లకు సాధారణంగా హాజరు వేయరు, మిడ్ పరీక్షలుండవు, చాలా పేపర్లలో సెమిస్టర్ చివరి ఒక్క పరీక్షే గ్రేడు. (ల్యాబులు, సెమినార్లు వేరు, వాటికి హాజరు అడుగుతారు.) పైగా కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షలో పేరుండదు. పోర్టల్‌లో గడువులోగా ఒక్కో పేపరుకూ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. చేసుకుని, గడువులోగా వెనక్కి తీసుకోకుండా పరీక్షకు వెళ్లకపోతే చాలాచోట్ల ఫెయిల్ కిందే, ఒక అవకాశం పోయినట్టే. జ్వరమొస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికెళ్లి సర్టిఫికెట్ తీసుకుని వెంటనే పరీక్షల ఆఫీసుకు పంపండి. పాసైన పేపరును ఇంప్రూవ్‌మెంట్‌కు మళ్లీ రాయడం చాలాచోట్ల కుదరదు. మొదటి సెమిస్టర్‌లో 30 ఈసీటీఎస్ మొత్తం నెత్తిన వేసుకోకుండా 20, 24తో మొదలుపెట్టినా నష్టం లేదు.

మీ కోర్సు పరీక్షల నిబంధనల పుస్తకం యూనివర్సిటీ సైటులో ఉంటుంది. అసలు కాపీ జర్మన్‌లో ఉన్నా సరే, విమానం ఎక్కకముందే ఎవరిచేతనైనా చదివించుకోండి.