‘చూద్దాంలే’ అనడం మానేయండి

నాకు 33 ఏళ్లు. చైతన్యపురిలో భర్త, అత్తమామలు, ఏడేళ్ల బాబుతో ఉంటాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఎవరేం అడిగినా కాదనలేను. సాయంత్రం ఐదున్నరకు పక్క సీటతను తన ఇన్‌వాయిస్‌లు నా మీద పడేస్తే చేసి పెడతాను. ప్రతి ఆదివారం మా వారి అక్కయ్య పిల్లలిద్దరినీ మా ఇంట్లో దింపి వెళ్తారు. నాకున్న ఒక్క సెలవూ అలా పోతుంది. టైలర్ బ్లౌజు బిగుతుగా కుట్టినా ‘బాగుందండీ’ అని డబ్బులిచ్చి వచ్చాను, అది బీరువాలోనే ఉంది. మొన్న రాత్రి షార్ప్‌నర్ కనిపించడం లేదన్నాడని బాబును చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు, ‘సారీ అమ్మా’ అన్నాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. గట్టిగా మాట్లాడటం నేర్చుకోవాలని ఉంది, కానీ పొగరు అంటారేమోనని భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హైదరాబాద్

అమ్మా, మీ ఉత్తరం చదివాక నా మనసు ఆ ‘సారీ అమ్మా’ దగ్గరే చిక్కుకుపోయింది. తప్పు లేకపోయినా సారీ చెప్పి గొడవ దాటేయాలని ఏడేళ్ల పిల్లాడికి ఎలా తెలిసింది? మిమ్మల్ని నొప్పించాలని అడగడం లేదు. అమ్మ అందరి దగ్గరా ఎలా మాట్లాడుతుందో వాడు రోజూ చూస్తున్నాడు, అంతే.

కాదనలేకపోవడాన్ని మనవాళ్లు మంచితనం కింద జమ కడతారు. ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అని మెచ్చుకుంటారు కూడా. నేను ఒప్పుకోను. మంచితనంతో చేసిన పని తర్వాత మనసు తేలికపడుతుంది. మొహమాటంతో చేసిన పని తర్వాత లోపల ఉడుకుతుంది. ఐదున్నరకు పక్క సీటతనికి చెప్పాల్సిన ‘కుదరదు’ ఎక్కడికీ పోలేదు. అమీర్‌పేటలో మెట్రో మారి, చైతన్యపురిలో దిగి, మీతోపాటే ఇంటికొచ్చింది. తిరిగి ఏమీ అనలేనివాడు ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. వాడి మీద పడింది.

మీరు ‘గట్టిగా మాట్లాడటం’ అని రాశారు. గొంతు పెంచడం మీకు వచ్చు, బాబు దగ్గర చేస్తున్నది అదే. మీకు కావాల్సింది నిబ్బరంగా మాట్లాడటం.

1950ల్లో దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు భయాలకు చికిత్స చేసేవారు. భయమూ, మనసులో మాట నిబ్బరంగా బయటపెట్టడమూ ఒకదాన్నొకటి అణిచేస్తాయన్నది ఆయన పట్టుకున్న కిటుకు. అంటే భయం పోయాక మాట్లాడదామని కూర్చుంటే ఆ రోజు రాదు. మాట్లాడుతూ ఉంటేనే భయం తగ్గుతుంది. కాకపోతే అన్నిటికంటే తక్కువ భయం వేసే చోట మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాలి. అందుకే ముందే చెబుతున్నాను, అత్తగారితో మొదలుపెట్టకండి. బ్లౌజుతో మొదలుపెట్టండి.

శనివారం దాన్ని సంచిలో పెట్టుకుని టైలర్ దగ్గరికి వెళ్లండి. ‘చంకల దగ్గర బిగుతుగా ఉంది. అర ఇంచు వదలండి. బుధవారం వచ్చి తీసుకుంటాను.’ ఈ మూడు మాటలే. ‘ఏం లేదు గానీ’, ‘ఏమనుకోకండి’, ‘నేనే లావయ్యానేమో’ లాంటివి ముందూ వెనకా తగిలించకండి. ‘అప్పుడు బాగుందన్నారు కదమ్మా’ అని అతను అనొచ్చు. ‘అవునండీ, అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను’ అనండి. గుండె దడదడలాడుతుంది, ఆడనివ్వండి. ఇంట్లో అద్దం ముందు నాలుగైదు సార్లు పైకి చెప్పుకుని వెళ్లండి. మనసులో అనుకుంటే చాలదు, నోటికి అలవాటు కావాలి.

ఇలాంటివి రెండు మూడు అయ్యాక ఆఫీసు సంగతి చూడండి. అక్కడ మిమ్మల్ని ముంచుతున్న మాట ‘సరే’ కాదని నా అనుమానం, ‘చూద్దాంలే’. మనకది మెత్తగా కాదనడం. అడిగినవాళ్లకు మాత్రం అది ‘సరే’నే. సీటు మీద కాగితాలు పెట్టి వెళ్లిపోతారు. ఈసారి అతను వచ్చినప్పుడు, ‘ఇవాళ నేను ఆరింటికి బయల్దేరాలి. నీ ఇన్‌వాయిస్‌లు చేయలేను’ అనండి. కారణాలు చెప్పకండి. బాబుకు రేపు టెస్టు ఉందంటే ‘పది నిమిషాలేగా’ అంటాడు. తలనొప్పి అంటే టీ తెప్పిస్తాడు. మీరిచ్చే ప్రతి కారణమూ అతనికి బేరమాడే వీలు ఇస్తుంది. ‘నీ అంత ఫాస్ట్‌గా ఎవరు చేస్తారు చెప్పు’ అని పొగిడినా అదే మాట, అదే గొంతుతో మళ్లీ చెప్పండి. తర్వాత ఊరుకోండి. ఆ నిశ్శబ్దం భరించలేకే మనలో చాలామంది ‘సర్లే, ఇలా ఇవ్వు’ అనేస్తాం. మీరు బ్యాగు సర్దుకోండి.

మీ వదినగారి విషయం వేరు. ఆఫీసులో రేపు సీటు మారొచ్చు, ఇంట్లో మనుషులు మారరు. ఆదివారం పొద్దున పిల్లలతో గుమ్మంలో నిలబడ్డాక చెప్పకండి. అది ఆవిడకూ అవమానం, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. గురువారమే ఫోన్ చేయండి. ‘వదినా, ఈ ఆదివారం పిల్లలను ఉంచుకోలేను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం వరకు ఉంచుకుంటాను.’ నిజంగా ఇష్టమైతేనే రెండో మాట కలపండి. ముందు రోజు మీ వారికి చెప్పి ఉంచండి, మీ అక్క ఇలా, అలా అని ఫిర్యాదుగా వద్దు. ‘రేపు వదినతో ఇలా చెప్పబోతున్నాను. అడిగితే నాకూ తెలుసు అనండి, చాలు’ అంటే ఆయన పని తేలిక. మీ బదులు ఆయన్ను మాట్లాడమనకండి. అప్పుడది అక్కాతమ్ముళ్ల గొడవవుతుంది, చివరికి నింద మీ మీదికే వస్తుంది.

పొగరు అంటారా? ఒకరిద్దరు అంటారు, అబద్ధం చెప్పను. వదినగారు రెండు వారాలు మూతి ముడుచుకోవచ్చు. ఇన్నేళ్లూ అడిగిందల్లా దొరికిన చోట ఒక్కసారి దొరక్కపోతే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఆ రెండు వారాలూ మీరు పండగకు పిలవడం, పలకరించడం మానకండి, అలాగని నిర్ణయాన్నీ మార్చుకోకండి. తప్పు చేశానేమో అన్న బాధ కూడా పట్టుకుంటుంది. అది కొత్తదనం వల్ల వచ్చే బాధ, మీరు తప్పు చేసినందువల్ల కాదు.

ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా వినండి. ఎదురు చెబితే చేయి చేసుకునే మనిషి ఇంట్లో ఎవరైనా ఉంటే ఇవేవీ ఇంట్లో మొదలుపెట్టకండి. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగినా, కోపంలో మళ్లీ చేయి లేస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది. రాత్రయినా పగలైనా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

బాబు సంగతి మాత్రం శనివారం దాకా ఆపకండి. ఇవాళ రాత్రే పక్కన కూర్చుని, ‘మొన్న నిన్ను కొట్టాను. తప్పు నాది. నువ్వు సారీ చెప్పక్కర్లేదు నాన్నా’ అనండి. ఆఫీసులో టెన్షన్ అనీ, నువ్వు విసిగించావనీ దానికి కలపకండి. వాడు ఏమీ అనకుండా మీ ఒళ్లోకి రావొచ్చు, లేదా కార్టూన్ పెట్టమని అడగొచ్చు. ఏం చేసినా సరే, విన్నాడు.

శనివారం టైలర్ దగ్గరికి వాడినీ తీసుకెళ్లండి. అమ్మ ఆ మూడు మాటలు చెబుతుంటే పక్కనే నిలబడి చూడనివ్వండి. షార్ప్‌నర్ కూడా ఆ దారిలోనే కొనేయండి.