పాత బిళ్ళలు దాచుకోవడానికి ఒక శాస్త్రం కూడానా?

మీ ప్రశ్నలో కాస్త వెక్కిరింపు ఉంది, కానీ న్యాయమైన వెక్కిరింపే. "నాణేలు పోగేసేవాళ్ళు, వాటి మీద పరిశోధన చేసేవాళ్ళు అసలు చేసే పనేమిటి? పాత బిళ్ళలు కొని డబ్బాలో పెట్టుకోవడానికి శాస్త్రం దేనికి?" అని అడిగారు. నేను ఇరవై రెండేళ్ళుగా పోగేస్తున్నాను. అందులో మొదటి తొమ్మిదేళ్ళు సరిగ్గా మీరన్నదే చేశాను. కొనడం, డబ్బాలో పెట్టడం, ఎవరైనా వస్తే తీసి చూపించి మురిసిపోవడం. ఆ తర్వాత ఒక దెబ్బ తగిలింది. ఆ సంగతి చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు వచ్చేస్తుంది.

ఒకాయన దగ్గర 43 రాగి నాణేలు గంపగుత్తగా కొన్నాను. మట్టి పట్టి, పచ్చగా చిలుమెక్కి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంటికి తెచ్చి ముందు వాటిని విడదీశాను. తర్వాత ఇత్తడి సామాను తోమే పొడితో రుద్ది తళతళలాడించాను. ఆ పైన రాజులవారీగా వేరు చేసి, అప్పటికే నా దగ్గరున్నవాటిలో కలిపేశాను. ఒకే రకానివి రెండేసి మూడేసి ఉంటే తోటివాళ్ళకిచ్చి వేరేవి తెచ్చుకున్నాను. మూడు రోజుల్లో అంతా పొందికగా సర్దేశానని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఏడాది తర్వాత నాణేల మీద పరిశోధన చేసే ఒక పెద్దావిడ వాటిని చూడటం తటస్థించింది. చాలాసేపు భూతద్దం పెట్టి చూసి, "ఇది వేటితో కలిసి దొరికింది బాబూ?" అని అడిగారు. నాకు ప్రశ్నే బోధపడలేదు. ఇది ఫలానా రాజుదండీ అని చెప్పబోయాను. "అది నాకూ కనబడుతోంది. దీని పక్కన ఏముంది?" అన్నారు. అతుక్కుపోయిన ఆ ముద్దలో ఏది దేని పక్కన ఉందో లోకంలో నా ఒక్కడికే తెలిసే అవకాశం ఉండేది. ఆ ముద్దని విడగొట్టి, తోమి, పంచిపెట్టింది కూడా నేనే. ఆవిడ కోప్పడలేదు. "అందరూ ఇలాగే మొదలుపెడతారులే" అన్నారు. ఆ మాట కోపం కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మాలాంటివాళ్ళకీ ఆవిడలాంటివాళ్ళకీ తేడా అక్కడే ఉంది. మా చూపు నాణెం మీద ఉంటుంది, వాళ్ళ చూపు దాని ఇరుగుపొరుగు మీద. లంకెబిందెలనగానే మనకి బంగారం గుర్తొస్తుంది గానీ, నేలలో దొరికే నిధుల్లో చాలావాటిలో ఉండేది చిల్లరే. ఎవరో ఒక రోజున, ఏదో భయంతో, చేతిలో ఉన్నదంతా కుండలో పోసి పాతిపెట్టారు, మళ్ళీ తవ్వుకోవడానికి తిరిగి రాలేదు. అంటే ఆ కుండ ఆ రోజు బజారుకి తీసిన ఫోటో లాంటిది. అందులో అన్నిటికన్నా కొత్త నాణెం ఎప్పటిదో తెలిస్తే, అంతకు ముందు మాత్రం పాతిపెట్టలేదని ఖాయం. ఏ రాజు నాణేలు ఎన్ని ఉన్నాయి, ఏవి బాగా అరిగాయి, ఏవి కొత్తగా ఉన్నాయి అన్నది చూస్తే ఏది ఎంతకాలం చేతులు మారిందో తెలుస్తుంది. ఈ లెక్కంతా కుండ కుండగా ఉన్నంతవరకే. విడదీస్తే మిగిలేవి విడి బిళ్ళలే.

దీనికి నాకు తెలిసినంతలో జోగల్‌తెంభిని మించిన ఉదాహరణ లేదు. 1906లో నాసిక్ దగ్గర ఆ ఊళ్ళో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అన్నీ పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజు, క్షహరాత వంశపు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్ళీ కొట్టించాడు. ఓడిపోయిన రాజు ముఖం మీదే గెలిచిన రాజు ముద్ర పడింది. శాతకర్ణి క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని నాసిక్ శాసనంలో ఉంది. కానీ అది ఆయన తల్లి వేయించిన శాసనం, కొడుకుని పొగడక ఏం చేస్తుంది? ఈ నిధికి మాత్రం ఎవర్నీ పొగడాల్సిన అవసరం లేదు.

నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది మిగిలిన దాదాపు నాలుగు వేల నాణేలు. వాటి మీద కొత్త ముద్ర పడలేదు, అయినా ముద్ర పడినవాటితో కలిసే నిధిలోకి వెళ్ళాయి. పాత ముఖం ఉన్న నాణెం కూడా దాచుకోదగ్గదేనని దాచినవాళ్ళు అనుకున్నారన్నమాట. ఈ 13 వేల నాణేలూ నాలాంటి వాళ్ళ చేతుల్లో ఒక్కొక్కటిగా చెదిరిపోయి ఉంటే? ముద్ర మీద ముద్ర పడ్డ వింత నాణేలుగా తలో డబ్బాలోకీ చేరేవి. తొమ్మిది వేలకి నాలుగు వేలు అన్న నిష్పత్తి ఎవరికీ ఎప్పటికీ దొరికేది కాదు.

ఇక రోజూ చేసే పని సంగతి. చెబితే విసుగ్గా ఉంటుంది, చేస్తే వ్యసనంలా పట్టుకుంటుంది. తూకం వేయడం, అడ్డంగా కొలవడం, రెండు వైపులా ఫోటో తీయడం, బొమ్మకీ బొరుసుకీ మధ్య దిశ ఎటు తిరిగిందో రాసుకోవడం. ఆ తర్వాత అచ్చులు పోల్చడం. నా మటుకు నాకు అసలు మజా ఇందులోనే ఉంది.

పూర్వం నాణేలు సుత్తితో కొట్టేవారు. కింది అచ్చుని దిమ్మెలో బిగించి, దాని మీద లోహపు బిళ్ళ పెట్టి, పై అచ్చు ఆనించి సుత్తితో ఒక్కటి వేసేవారు. మామూలుగా బొమ్మ కింది అచ్చులో ఉండేది. దెబ్బ నేరుగా తినేది పై అచ్చు కాబట్టి అది తొందరగా పగిలేది. అప్పుడు కింది అచ్చుని అలాగే ఉంచి పైదాన్ని మాత్రం మార్చేవారు. ఆ అచ్చులు చేత్తో చెక్కినవి, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాంట్లో ముక్కు కొంచెం పొడుగు, ఒకదాంట్లో అక్షరం చివర చుక్క. మీ దగ్గరున్న నాణెం, ఎక్కడో మ్యూజియంలో ఉన్న మరో నాణెం ఒకే బొమ్మ అచ్చుతో పడి, బొరుసులు వేరైతే, ఆ రెండూ ఒకే టంకశాలలో దాదాపు ఒకే కాలంలో పుట్టాయని అర్థం. ఇలా గొలుసు కట్టుకుంటూ పోతే ఏది ముందు, ఏది వెనక అన్న వరస తేలుతుంది. నాణెం మీద సంవత్సరం ఉండాల్సిన పని లేదు. అచ్చు మీద పగులు సన్నగా మొదలై నాణేనికీ నాణేనికీ పెద్దదవుతూ పోవడం కూడా వరస చెబుతుంది.

నేనూ ఒక మిత్రుడూ కలిసి ఒకే రకం నాణేలు 61 ఫోటోలు ఎదురుగా పెట్టుకుని ఏడు వారాలు కూర్చున్నాం. మొదటి రెండు వారాలు అన్నీ ఒకేలా కనిపించాయి. మూడో వారానికి ఒక్కో అచ్చూ తెలిసిన మనిషి ముఖంలా అయిపోయింది, కొన్నిటికి పేర్లు కూడా పెట్టుకున్నాం. "గడ్డం పగిలినాయన" మాకు 14 నాణేల్లో కనబడ్డాడు. తీరా చూస్తే 61 నాణేలకీ బొమ్మ అచ్చులు 9 తేలాయి. చాలా నాణేలకి కొద్ది అచ్చులే తేలితే, అవి పెద్ద సంఖ్యలో ముద్రించినవి కావని చెప్పొచ్చు. కొత్త నాణెం దొరికినప్పుడల్లా కొత్త అచ్చు బయటపడుతుంటే, ఇంకా మన కంటపడనివి చాలా ఉన్నాయని లెక్క. ఆ కనబడని అచ్చులెన్నో అంచనా కట్టడానికి గణితశాస్త్రం సూత్రాలున్నాయి. కానీ ఒక్కో అచ్చు ఎన్ని వేల నాణేలు కొట్టేది అన్న దగ్గర మాత్రం పండితులు ఇప్పటికీ జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. దాన్ని బట్టే ఆ రాజ్యంలో ఎంత డబ్బు తిరిగిందో తేలాలి మరి.

డబ్బు చరిత్ర మీద పనిచేసేవాళ్ళకి నాణెం మీద బొమ్మ కన్నా లోపలి లోహం ముఖ్యం. క్రీ.శ. 215లో రోమన్ చక్రవర్తి కారకల్లా కొత్త వెండి నాణెం ఒకటి తెచ్చాడు. పండితులు దాన్ని ఆంటోనినియానస్ అంటారు. అప్పటికే వాడుకలో ఉన్న దెనారియస్ అనే వెండి నాణేలు రెండిటి విలువకి చెలామణి అయిందని అంచనా, అందులో వెండి మాత్రం ఒకటిన్నరకి సరిపడేంతే. యాభై ఏళ్ళు గడిచి గల్లియేనస్ చక్రవర్తి పాలన చివరికొచ్చేసరికి అదే నాణెంలో వెండి 5 శాతం కూడా లేదు. రాగి బిళ్ళకి వెండి పూత. జనం ఏం చేస్తారు? పాత మంచి నాణేలు దాచుకుని, కొత్తవి ఖర్చు పెడతారు. ఆ దాచినవే ఇప్పుడు నిధులుగా బయటపడుతున్నాయి. చెడ్డ డబ్బు మంచి డబ్బుని తరిమేస్తుందనే ఈ సూత్రానికి గ్రేషమ్ అనే ఇంగ్లీషు వర్తకుడి పేరు పెట్టారు గానీ, అంతకుముందే 1526లో కోపర్నికస్ దీని గురించి రాశాడు. అవును, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికసే.

లోహం ఎంతుందో నాణేన్ని గీకకుండా చెప్పొచ్చు, ఇంట్లోనే. గాలిలో ఒకసారి, నీళ్ళలో వేలాడదీసి ఒకసారి తూకం వేయాలి. నా వెండి నాణెం ఒకటి గాలిలో 6.80 గ్రాములు, నీళ్ళలో 6.11 గ్రాములు తూగింది. తేడా 0.69. మొదటి తూకాన్ని తేడాతో భాగిస్తే సాంద్రత 9.86. శుద్ధ వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. కలిపింది రాగే అనుకుంటే ఇందులో వెండి 60 శాతం పైచిలుకు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? కానీ త్రాసు 0.01 గ్రాము అటూ ఇటూ అయితే వెండి శాతంలో తొమ్మిది పది తేడా వచ్చేస్తుంది. ఈ సంగతి తెలియక ఒకసారి నా కొలతలు గొప్పగా నలుగురిలో చదివి అభాసుపాలయ్యాను. ప్రయోగశాలల్లో ఎక్స్-రే యంత్రాలతో చూస్తారు, వాటికీ ఇబ్బంది ఉంది. నేలలో శతాబ్దాలు పడి ఉంటే పైపొరలోని రాగి కరిగిపోయి వెండి మిగులుతుంది. యంత్రం పైపైనే చూస్తుంది కాబట్టి నాణేన్ని ఉన్నదానికన్నా మంచిదని చెబుతుంది.

దొంగ నాణేల గురించి ఒక్క మాట. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద బుడగల గుంటలు కనబడొచ్చు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం మాత్రం కవల. ఒకే చోట ఒకే నొక్కు, ఒకే అరుగుదల ఉన్న రెండు నాణేలు కనిపిస్తే వాటిలో కనీసం ఒకటి నకిలీ. అచ్చు ఒకటే కావచ్చు గానీ, రెండు నాణేలు చేతుల్లో ఒకే రకంగా అరగవు.

ఎంత అరిగిందో చూసి 70కి ఇన్ని మార్కులు అని వేసి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా బిగించే పద్ధతి కూడా ఒకటుంది. కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ అది సుఖమే. నాకు నచ్చదు. అంచు సరిగ్గా కనబడదు, తూకం వేయలేం.

ఇంత విన్నాక, పోగేసేవాళ్ళంతా చరిత్రకి చేటు అనుకునేరు. చార్లెస్ మాసన్ అని ఈస్టిండియా కంపెనీ సైన్యం నుంచి పారిపోయిన మనిషి ఒకడున్నాడు. 1833 నుంచి కొన్నేళ్ళపాటు కాబూల్‌కి ఉత్తరాన బగ్రాంలో వేలకొద్దీ నాణేలు పోగేశాడు. బొమ్మ వైపు గ్రీకులోనూ, బొరుసు వైపు అప్పటికి ఎవరూ చదవలేని లిపిలోనూ ఉన్నది ఒకే మాట అయి ఉండాలని పసిగట్టాడు. గ్రీకులో "బసిలెయోస్" (రాజుది అని అర్థం) ఉన్న నాణేలన్నిటి వెనకా అవే గుర్తులు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఆ గమనికలు కలకత్తా టంకశాలలో లోహ పరీక్షలు చేసే జేమ్స్ ప్రిన్సెప్‌కి చేరాయి. ఆ వెనకవైపు మాట "మహరజస", అంటే మహారాజుది, అని తేలింది. ఖరోష్ఠీ లిపి అలా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ నాణేలు కొట్టించిన ఇండో-గ్రీకు రాజులు, అంటే వాయవ్య భారతం వైపు ఏలిన గ్రీకులు, ముప్పై మందికి పైగా ఉంటే, పాత గ్రంథాల్లో పేరు కనిపించేది వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. మిగతావాళ్ళు ఈ భూమ్మీద బతికారనడానికి నాణేలే ఆధారం. ఏ విశ్వవిద్యాలయమూ పంపని మనిషి చేసిన పని ఇది. కాబట్టి పోగేయడం తప్పు కాదు, రాసుకోకపోవడం తప్పు.

మీరూ మొదలుపెడదామనుకుంటే, నాణెం కన్నా ముందు 0.01 గ్రాము చూపే త్రాసు, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక నోటుపుస్తకం సంపాదించండి. ఎక్కడ దొరికిందో చెప్పలేనివాళ్ళ దగ్గర కొనకండి. నేలలో దొరికినదాన్ని ప్రభుత్వానికి చెప్పాలని చాలా దేశాల్లో చట్టముంది, ఆ నియమాలు ముందే చదవండి. ఏదీ తోమకండి. చిలుము కింద ఏముందో చూడాలనిపిస్తుంది, నాకూ అనిపించింది.

ఆ 43లో నేను తిరిగి కూడగట్టగలిగింది 31. వాటిని విడిగా ఒక పెట్టెలో ఉంచాను, రాజులవారీగా సర్దలేదు. మూత మీద ఎప్పుడు, ఎలాంటి స్థితిలో నా చేతికొచ్చాయో నాకు గుర్తున్నదంతా రాశాను. "ఏది దేనికి అతుక్కుని ఉంది" అన్న గడి మాత్రం ఖాళీగానే ఉంది.