బాగా నిద్రపోతున్నా కళ్ల కింద నలుపు ఎందుకు పోదు?

నిద్ర ఒక్కటే కారణం కాదు కాబట్టి. కళ్ల కింద చర్మం చాలా పలచన, దాదాపు అర మిల్లీమీటరు. నిద్ర చాలకపోతే ముఖం పాలిపోయి కింది రక్తనాళాలు నీలంగా బయటపడతాయి. అది నాలుగు రోజులు సరిగ్గా పడుకుంటే తగ్గుతుంది. తగ్గలేదంటే సంగతి వేరు.

అద్దం ముందు నిలబడి కింది రెప్పను మెల్లగా పక్కకు లాగి చూడండి. గోధుమరంగు అలాగే ఉంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువైనట్టు. ఇది చాలామందికి వంశపారంపర్యం. ఎండ, అలర్జీతో కళ్లు నులుముకోవడం దాన్ని ఇంకా పెంచుతాయి. నీలం ఇంకాస్త తేలితే రక్తనాళాలు. తల పైకెత్తి వెలుగుకు ఎదురుగా నిలబడగానే మాయమైతే అది అసలు రంగే కాదు, గుంట వల్ల పడే నీడ. దానికి ఎంత ఖరీదైన క్రీమైనా దండగే! డాక్టర్ చేతిలో హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ (గుంటను నింపే ఇంజెక్షన్) లాంటి చికిత్సతోనే ఫలితం కనిపిస్తుంది.

మెలనిన్‌కు సన్‌స్క్రీన్ తప్పనిసరి. దానికి తోడు విటమిన్ సి, రాత్రిపూట తక్కువ మోతాదు రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీమ్ వాడొచ్చు. గర్భిణులు రెటినాల్ జోలికి వెళ్లకూడదు. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. పీల్, లేజర్ లాంటివి చర్మ డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి, చామనఛాయ వాళ్లకు లేజర్ వికటిస్తే నలుపు ఇంకా పెరుగుతుంది. కెఫీన్ క్రీమ్, చల్లటి స్పూన్ వాపును కాసేపు తగ్గిస్తాయి, అంతే.

ఫంక్షన్ రేపే అంటే కన్సీలర్ కింద నారింజ ఛాయ కరెక్టర్ పలచగా అద్దండి. నీలాన్ని అది కప్పేస్తుంది.