ఉద్యోగం బాగానే ఉంది, అయినా మారడానికి సిద్ధంగా ఉండాలా?

హనుమకొండ నుంచి హైదరాబాద్ వచ్చి నాలుగేళ్లుగా ఒకే కంపెనీలో చేస్తున్నానని, జీతానికి, మేనేజర్‌తో ఏ ఇబ్బందీ లేదని రాశారు. ఇలాంటప్పుడు వేరే ఉద్యోగం గురించి ఆలోచించడం తప్పా అని అడిగారు. తప్పు కాదండీ. ఇబ్బంది లేనప్పుడే ఆలోచించాలి, ఇబ్బంది వచ్చాక ఆలోచించే ఓపిక ఉండదు.

మాది కాజీపేట. నాన్న లోకో షెడ్‌లో చేరి అక్కడే రిటైర్ అయ్యారు. ఉద్యోగం మారాడంటే ఏదో గొడవ పడ్డాడనే మా ఇంట్లో అనుకునేవారు. నాన్నకు క్వార్టర్, పాస్, రైల్వే ఆసుపత్రి, పెన్షన్ అన్నీ ఆ ఉద్యోగమే ఇచ్చింది కాబట్టి ఆయన ధీమాకు అర్థం ఉంది. మన ప్రైవేటు ఉద్యోగాల్లో అవేవీ ఆ స్థాయిలో లేవు. ధీమా ఒక్కటే ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నాం.

నేను ఏటా బతుకమ్మ సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక పూట దీనికే కేటాయిస్తాను. ఈ ఏడాది కొత్తగా ఏ పని నేర్చుకున్నాను? ఇంకో ఏడాది ఇదే చేస్తే బయట నన్ను ఎవరు తీసుకుంటారు? రెండూ కాగితం మీద రాస్తాను, రెజ్యూమె సరిచేస్తాను. చాలాసార్లు ఉందామనే తేలింది, ఉన్నాను. ఒక ఏడాది మా ప్రాజెక్టు ఆపేసి నన్ను శాశ్వతంగా నైట్ షిఫ్టుకు వెళ్లమన్నారు. అప్పటికి ఆర్నెల్ల ఇంటి ఖర్చు, ఈఎంఐతో సహా, బ్యాంకులో విడిగా ఉంది. అందుకే భయపడకుండా కుదరదని చెప్పి, నోటీసు ఇచ్చి బయటికి రాగలిగాను. ఆ డబ్బు లేకపోతే సరేనని తల ఊపేవాణ్ణి.

మీరు నాలుగేళ్ల దగ్గర ఉన్నారు కాబట్టి గ్రాట్యుటీ, అంటే ఏళ్లపాటు పనిచేసినందుకు వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, చూసుకోండి. పర్మినెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు నిండాలి. లెక్కలోకి వచ్చే చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, పనిచేసిన ఏళ్లతో గుణిస్తారు. ఆ జీతం 30,000 అయితే ఐదేళ్లకు 86 వేలు దాటుతుంది. కొన్ని నెలల తేడాతో పోగొట్టుకునే మొత్తం కాదు. అలాగని దానికోసమే మంచి అవకాశం వదులుకోమని కూడా అనను. పీఎఫ్ మాత్రం తీసేయకండి, అదే యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, పాత సర్వీసు అందులో కలుస్తుంది.

పే స్లిప్పులు, ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే పత్రం), ఆఫర్ లెటర్ ఇప్పుడే మీ దగ్గర దాచుకోండి. నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో ఆఫర్ లెటర్‌లో చూడండి. తొంభై రోజులైతే కొత్త కంపెనీతో మొదటి మాటల్లోనే చెప్పాలి.

మీ అమ్మానాన్నలు కంపెనీ ఇన్సూరెన్స్ మీదే ఉంటే, ఉద్యోగం మారినా మారకపోయినా వాళ్లకు విడిగా పాలసీ తీసుకోండి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా వాటి ఖర్చు పాలసీ ఇవ్వదు, ఆ గడువు ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.