మన్రో మీద రాస్తున్న కుర్రవాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

థామస్ మన్రో మీద నువ్వు రాసిన ముప్పై పేజీలు రెండుసార్లు చదివాను. 1761, గ్లాస్గో, వర్తకుడి కొడుకు అని మొదలుపెట్టావు. అలా పుట్టుకతో మొదలుపెడితే పాఠకుడు పెళ్లిదాకా కూడా రాడురా. నువ్వు పత్తికొండలో మొదలుపెట్టు. 1827 జూలై 6. మద్రాసు గవర్నరు పదవి వదిలి సొంత దేశం వెళ్లిపోబోతూ, ఒకప్పుడు కలెక్టరుగా తిరిగిన జిల్లాలను ఆఖరుసారి చూసుకుందామని వచ్చి, కలరా తగిలి అక్కడే పోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టారు. నాలుగేళ్లకు అస్థికల్ని మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. అక్కణ్ణుంచి వెనక్కి నడువు.

1780లో పద్దెనిమిదేళ్ల క్యాడెట్‌గా దిగడం, హైదరాలీతో యుద్ధం, టిప్పుతో యుద్ధం, ఇవన్నీ రెండు పేజీల్లో తేల్చెయ్. నువ్వు పన్నెండు పేజీలు రాశావు. తుపాకుల మోత ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. బారామహల్లో (ఇప్పటి తమిళనాడులోని సేలం, కృష్ణగిరి వైపు) శిస్తు పని నేర్చుకున్న ఏళ్లను మాత్రం వదలకు, సిపాయి కాస్తా లెక్కలవాడు అయింది అక్కడే.

అసలు కథ దత్త మండలాలది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న నేల అది. (నువ్వు ఆ కాలానికి కూడా ‘రాయలసీమ’ అని రాశావు. ఆ పేరు 1928లో నంద్యాల సభలో పెట్టింది. దిద్దుకో.) ఏడేళ్లు డేరాలు వేసుకుంటూ ఊరూరా తిరిగాడు. ఊళ్లమీద సొంత బలగంతో పెత్తనం చేసే పాళెగాళ్లను అణిచాడు, పొలాలు కొలిపించాడు, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరునే పట్టా రాయించాడు. ఇంతవరకూ బాగా రాశావు. కానీ ఊరిని అంత దగ్గరగా చూసింది శిస్తు వసూలు కోసమే కదా, ఆ మాట నీ ముప్పై పేజీల్లో ఎక్కడా లేదు. శిస్తు బరువని ఆయనకే తెలుసు. 1807లో నాలుగోవంతు తగ్గించమని తనే సిఫారసు చేశాడు, వెంటనే ఎవరూ వినలేదు. ఈ ముడి విప్పడానికి తొందరపడకు.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనబడ్డాడన్న కథ, కడప జిల్లా గండిలో కొండల మధ్య బంగారు తోరణం ఆయన కంటబడిందన్న కథ, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకోవడం, ఇవన్నీ ఉంచు. నిజమా కాదా అని తీర్పు చెప్పకు. పన్నులు వసూలు చేసిన దొరను జనం దేవుడి పక్కన ఎందుకు నిలబెట్టారన్నది నీ ప్రశ్న కావాలి. నేను నీ వయసులో ఆయన మీద ఒక వ్యాసం రాశాను, అంతా పొగడ్తే. మా ఊరి ముసలి రైతు చదివించుకుని విని, “బాగుంది గానీ నాయనా, ఎకరాకు ఎంత కట్టించుకున్నాడో రాయలేదే?” అన్నాడు. జవాబు లేక తలదించుకున్నాను.

అదే నేల మీద, మన్రో పోయిన ఇరవై ఏళ్లకు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయనది పాళెగాళ్ల వంశం. పత్తికొండ నుంచి కోయిలకుంట్లకు బస్సులో వెళ్లు, దారిపొడుగునా నేలను చూస్తూ వెళ్లు. ఆ తర్వాతే మొదటి అధ్యాయం తిరగరాయి.

రెండో ప్రతి పంపేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయి. నా కళ్లు మునుపటిలా లేవు.